సున్నపు బకెట్‌కు దక్కని సన్మానం

ఆధునిక కళాచరిత్రలో ఒక ఘోరమైన అన్యాయం జరిగింది. గోడ మీద బొమ్మ వేసినవాడి గురించి పుస్తకాలొచ్చాయి, డాక్యుమెంటరీలొచ్చాయి. ఆ బొమ్మ మీద రంగు కొట్టినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. స్ట్రీట్ ఆర్ట్‌కు ఇవాళ ఉన్న గిరాకీలో సగం పుణ్యం అతనిదేనని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం.

ఆధారాలున్నాయి. 1970లలో న్యూయార్క్ కుర్రాళ్లు సబ్‌వే రైళ్ల నిండా స్ప్రే క్యాన్లతో పేర్లు రాసుకున్నారు. అధికారులు పట్టు వదలకుండా కడిగి కడిగి, 1989 మే నెలలో రాతలున్న ఆఖరి రైలును కూడా పక్కన పెట్టేశారు. రైళ్లు ఖాళీ అవుతుంటే గ్యాలరీలు నిండాయి. ‘సామో’ అనే మారుపేరుతో మాన్‌హట్టన్ గోడల మీద రాసిన బాస్కియా 1982లో వేసిన పుర్రె బొమ్మ 2017లో 11 కోట్ల డాలర్లకు పైగా పలికింది. అది కాన్వాస్ కాబట్టి బతికింది.

ఇంగ్లండ్‌లోని క్లాక్టన్ అనే సముద్రతీర పట్టణం సంగతి మరీ ముచ్చటైనది. అసలు పేరు బయటపెట్టని గోడ చిత్రకారుడు బ్యాంక్సీ 2014లో అక్కడో గోడ మీద కొన్ని పావురాలను గీశాడు. వలస వచ్చిన ఓ రంగురంగుల పిట్టను చూసి అవి ‘వెళ్లిపో’ అంటూ ప్లకార్డులు పట్టుకుంటాయి. జాత్యహంకారాన్ని ఎగతాళి చేసే బొమ్మ అది. ఇది జాత్యహంకారంగా ఉందని ఎవరో ఫిర్యాదు చేశారు. కౌన్సిల్ వాళ్లు ఆఘమేఘాల మీద వచ్చి చెరిపేశారు. అది ఎవరి బొమ్మో తెలిశాక, ఈసారి తగిన బొమ్మ వేస్తానంటే ఆయన రావడం మాకెంతో సంతోషమని ప్రకటించారు! ఇంత సూటిగా, ఇంత వేగంగా స్పందించిన కళావిమర్శకుడిని మన పత్రికల్లో చూపించండి.

న్యూయార్క్‌లోని ఫైవ్ పాయింట్జ్ భవన యజమాని ఇంకాస్త ఉదారుడు. గోడల మీద గీసుకోవడానికి ఏళ్ల తరబడి అనుమతిచ్చి, 2013 నవంబరులో ఒక్క రాత్రిలో మొత్తానికీ తెల్ల రంగు కొట్టించాడు. 21 మంది కళాకారులకు 67 లక్షల డాలర్ల పరిహారం చెల్లించాలని 2018లో కోర్టు తీర్పునిచ్చింది. చరిత్రలో ఇంత ఖరీదైన వెల్ల మరొకటి లేదనుకుంటా.

కోర్టులూ ఈ సేవలో వెనకబడలేదు. 2025 సెప్టెంబరులో లండన్ రాయల్ కోర్ట్స్ గోడ మీద, ఒక న్యాయమూర్తి నిరసనకారుణ్ని సుత్తితో బాదుతున్నట్టు బ్యాంక్సీ బొమ్మ వేశాడు. ముందు పరదా కప్పారు, తర్వాత గీకేశారు. నీడలాంటి మరక మిగిలింది. అది బొమ్మకంటే బాగుందని చాలామంది ఫోటోలు తీసుకున్నారు. విమర్శకుడే సహ రచయిత అయిపోయిన సందర్భం.

చెరిపేవాడు లేకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2013లో సెంట్రల్ పార్కులో ఓ ముసలాయన చేత బ్యాంక్సీ తన అసలు కాన్వాస్‌లు 60 డాలర్లకొకటి చొప్పున అమ్మించాడు. రోజంతా కూర్చుంటే వచ్చింది 420 డాలర్లు. అందులోనూ ఓ తల్లి సగం ధరకు బేరమాడింది. దాంతో బుద్ధొచ్చిందేమో, 2018 వేలంలో పాట ముగియగానే ఫ్రేములో దాచిన యంత్రంతో తన బొమ్మను తానే సగం చించుకున్నాడు. పది లక్షల పౌండ్ల చిల్లరకు అమ్ముడైన ఆ సరుకు మూడేళ్ల తర్వాత కోటీ 85 లక్షలకు పోయింది.

మన దగ్గర ఈ శాఖ ఇంకా అసంఘటిత రంగంలోనే ఉంది. హైదరాబాద్ మక్తాలో 2016 నుంచి గోడలకు మంచి బొమ్మలు వేశారు. ఫ్లైఓవర్ స్తంభాలకూ వేస్తున్నారు. అన్నీ అనుమతితోనే, టెండరుతోనే. అందుకే మున్సిపాలిటీకి చెరిపే అవకాశం లేదు. ఆ బాధ్యతను పాన్ నమిలేవాళ్లు, అన్నగారి జన్మదిన శుభాకాంక్షల పోస్టర్లు అంటించే తమ్ముళ్లు స్వచ్ఛందంగా, జీతం లేకుండా మోస్తున్నారు.

కాబట్టి సంబంధిత మంత్రిత్వ శాఖకు ఈ వ్యాసకర్త విన్నపం: వేలంలో పలికిన ప్రతి కోటికీ సున్నం కొట్టినవాళ్లకు రెండు శాతం కమీషన్, అరవై నిండాక పెన్షన్, మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఒక బకెట్, ఒక బ్రష్. జీవో వచ్చేదాకా ఆ బకెట్‌ను ఎవరూ కడగవద్దని మనవి. ధర పడిపోతుంది.