మహారాజశ్రీ పార్టిసిపేషన్ సర్టిఫికెట్ గారికి

మహారాజశ్రీ ‘ఎథికల్ హ్యాకింగ్ వర్క్‌షాప్’ పార్టిసిపేషన్ సర్టిఫికెట్ గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మీరు ఫైల్లో ప్లాస్టిక్ కవరు మధ్య చల్లగా ఉన్నారని తలుస్తాం. మీ తోబుట్టువులు మరో పదకొండు మంది కూడా అదే ఫైల్లో సర్దుకుని ఉన్నారట, సంతోషం. ‘నేషనల్ లెవెల్’ అని మీ నుదుటి మీద బంగారు రంగులో అచ్చేశారు. హాజరు పట్టీ చూస్తే పక్క మండలం కాలేజీ వాళ్లు నలుగురున్నారు. పోనీండి, ఆ మాటకి ఎవరూ కేసు పెట్టరు.

మీ ఒంటి మీద ‘విజయవంతంగా పాల్గొన్నారు’ అని ఉంటుంది. పాల్గొనడంలో ఫెయిలవ్వడం ఎలాగో మాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. కుర్చీలో కూర్చుని మధ్యాహ్నం భోజనం టోకెన్ తీసుకున్నవాడు విజయవంతం, టోకెన్ తీసుకుని వెళ్లిపోయినవాడు ఇంకా విజయవంతం.

మీరు పుట్టే పద్ధతి చూసినవాళ్లకి మీ మీద కోపం రాదు, జాలేస్తుంది. పొద్దున తొమ్మిదిన్నరకి రిజిస్ట్రేషన్ అంటారు. పదిన్నరకి జ్యోతి ప్రజ్వలన. తర్వాత ముఖ్య అతిథి గారు ‘నేటి సమాజంలో సైబర్ నేరాలు’ గురించి చెబుతారు. శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో. కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్ల ఫైల్లో పెట్టాలి కాబట్టి ఆ ఫొటోకి జియోట్యాగ్ ఉండాలి. అసలు కార్యక్రమం అక్కడితో అయిపోయినట్టే. మిగతాదంతా కేటరింగ్ వాళ్లొచ్చేదాకా కాలక్షేపం.

భోజనాలయ్యాక ల్యాబ్‌లో అరవై మంది అరవై సిస్టమ్‌ల ముందు కూర్చుంటారు. ‘అందరూ కాలీ లినక్స్ డౌన్‌లోడ్ చేసుకోండి’ అంటారు రిసోర్స్ పర్సన్ గారు. కాలీ అంటే హ్యాకింగ్ సరంజామా ముందే సర్దిపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్, దాన్ని దింపుకునే ఫైలే ఇమేజ్. అది మూడు జీబీలనుకుందాం. అరవై మందికి 180 జీబీలు. కాలేజీ లైను 100 ఎంబీపీఎస్ అయితే, ఎక్కడా తడబడకుండా, హాస్టల్లో ఎవరూ క్రికెట్ చూడకుండా ఉంటే నాలుగు గంటలు పడుతుంది. నాలుగున్నరకి కాలేజీ బస్సు. మొదటిరోజు అలా గడుస్తుంది.

ముందురోజు రాత్రి ఒక్కసారి దింపి ఐదారు పెన్‌డ్రైవ్‌ల్లో వేసుకుంటే ఆ పని ఇరవై నిమిషాల్లో తేలిపోయేది. పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో గానీ ఫార్మాట్ చేసుకోవాలంతే. ఇమేజ్ ఎప్పుడైనా నాలుగు జీబీలు దాటిందో, ఫ్యాట్32లో ఎక్కదు, ‘పెన్‌డ్రైవ్ పాడైంది సార్’ అని కేకలు మొదలవుతాయి. ఫైలు దిగాక దాని ఎస్‌హెచ్‌ఏ256 హాష్‌ని, అంటే ఫైలు వేలిముద్ర లాంటి అంకెని, కాలీ వాళ్లిచ్చిన దానితో పోల్చి చూసుకోవాలి. విండోస్‌లో ఇందుకు ‘సర్ట్‌యుటిల్’ అనే కమాండ్ ఎప్పుడో ఉంది. పేరులో మీ ఇంటిపేరే కనిపిస్తోంది, గమనించారా? సెక్యూరిటీలో అసలు మొదటి పాఠం ఇదే, చేతికొచ్చిన ఫైలుని నమ్మే ముందు సరిచూసుకోవడం. హ్యాకింగ్ నేర్పే క్లాసులో దీన్ని దాటేసి పోతారు, టైం లేదని.

ఇక కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని (వర్చువల్ మెషీన్) నడిపే వర్చువల్‌బాక్స్ తెరిస్తే సగం సిస్టమ్‌లు మొరాయిస్తాయి. కంప్యూటర్ అడుగు సెట్టింగుల్లో, అంటే బయాస్‌లో, అందుకు కావాల్సిన వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు వీటీ-ఎక్స్, ఏఎండీలో ఎస్‌వీఎం. ఆన్ చేద్దామంటే బయాస్‌కి పాస్‌వర్డ్, ఆ పాస్‌వర్డ్ తెలిసిన ల్యాబ్ టెక్నీషియన్ ఇంకా భోజనం దగ్గరే. ఎలాగో ఎక్కితే, స్లయిడ్‌లో లాగిన్ ‘రూట్’, పాస్‌వర్డ్ ‘టూర్’ అని ఉంటుంది. కాలీలో ఆ పద్ధతి 2020.1 వెర్షన్‌తోనే పోయింది, ఇప్పుడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ ‘కాలీ’యే. అరవై మంది ‘టూర్’ కొట్టి ‘ఇన్‌కరెక్ట్’ అనిపించుకుంటుంటే, ఆ స్లయిడ్‌ల వయసెంతో వేరే చెప్పక్కర్లేదు.

రెండోరోజు వైఫై హ్యాకింగ్. పిల్లలు దీనికోసమే వస్తారు. ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు వర్చువల్ మెషీన్‌కి వైఫై కార్డులా కనబడదు, మామూలు కేబుల్ కనెక్షన్‌లా కనబడుతుంది. అందుకని మానిటర్ మోడ్ రాదు, గాల్లో పోయే ప్యాకెట్లు పట్టడం కుదరదు. మానిటర్ మోడ్‌ని సపోర్ట్ చేసే యూఎస్‌బీ అడాప్టర్ విడిగా కొని దాన్ని వర్చువల్ మెషీన్‌కి అప్పగించాలి. అది రిసోర్స్ పర్సన్ గారి దగ్గర ఒక్కటే ఉంటుంది. ఆయన తన ఫోన్ హాట్‌స్పాట్‌కి తనే పెట్టుకున్న పాస్‌వర్డ్‌ని, అది ముందే ఉన్న జాబితాలోంచి తీసి, తనే కనిపెట్టి చప్పట్లు కొట్టించుకుంటారు. ఆ జాబితా 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి బయటపడ్డ పాస్‌వర్డ్‌లది, కోటీ నలభై లక్షల పైచిలుకు. కాలీలో అది జిప్ చేసి ఉంటుంది. విప్పకుండా వాడబోయి ‘ఫైల్ నాట్ ఫౌండ్’ చూసి, ఇంటికెళ్లి హ్యాకింగ్ కష్టం అనుకున్నవాళ్లు మీ లబ్ధిదారుల్లో చాలామంది ఉన్నారు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆ రెండు రోజుల్లో హ్యాకింగ్ అంత.

ఇంతకీ మీ గొడవ మీకే వదిలేయకుండా ఎందుకు రాస్తున్నామంటే, మీ పేరే పెట్టుకున్న దాయాది ఒకడున్నాడు, వెబ్‌సైట్ల సర్టిఫికెట్. వెబ్‌సైట్ అడ్రస్ పక్కన తాళం కప్ప గుర్తు వెనకాల, క్రోమ్‌లో అయితే ఇప్పుడు వేరే గుర్తు వెనకాల ఉంటాడు. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నీ ఒంటి మీదే ఉంటాయి. సంతకం అసలుదో కాదో ప్రపంచంలో ఏ బ్రౌజరైనా లిప్తలో తేల్చేస్తుంది. 2020లో అలాంటివాడి ఆయుష్షు 398 రోజులు మించకూడదన్నారు, 2029 నాటికి 47 రోజులకి దించాలని తీర్మానించారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు వాణ్ణి ఉచితంగా పంచిపెడతారు, అయినా పరువుకేం లోటు రాలేదు. మీ మీదున్నది ప్రిన్సిపాల్ గారి సంతకం స్కాన్ చేసి అతికించిన బొమ్మ. మీకు గడువూ లేదు, తనిఖీ అంతకన్నా లేదు.

తనిఖీ అంటే గుర్తొచ్చింది. ఈమధ్య మీకూ ఒక లింక్ పెడుతున్నారు. నొక్కితే విద్యార్థి పేరు, కాలేజీ, దాంతోపాటు ఫోన్ నంబరు, ఈమెయిల్ కనబడేవీ ఉన్నాయి. లింక్ చివర 117 అని ఉంటుంది. 117 ఉందంటే 118 ఉన్నట్టే, అక్కడ పక్కవాడి నంబరు ఉన్నట్టే. దీన్ని ఐడీఓఆర్ అంటారు. ఏ రికార్డు కావాలో అడిగేవాడి చేతికే వదిలేసి, అది చూసే హక్కు వాడికుందా అని సర్వర్ అడగకపోవడం. రెండు రోజుల వర్క్‌షాప్‌లో నేర్పాల్సిన పాఠం ఏదైనా ఉంటే అది మీ అడుగునే, ఆ లింక్‌లోనే ఉంది. దిద్దడం పెద్ద పనేం కాదు. ఉద్యోగమిచ్చేవాడు సరిచూసుకోవాలి కాబట్టి పేజీ అందరికీ కనబడాల్సిందే, కానీ పేరు, కార్యక్రమం, తేదీ చాలు, ఫోన్ నంబరుతో వాడికేం పని? వరస అంకె బదులు ఊహకందని పొడవాటి కోడ్ పెట్టాలి.

అలాగని మీ పిల్లలు 118, 119 అంటూ స్క్రిప్టు రాసి వరసగా లాగేసుకుంటే మాత్రం వాళ్లకి చెప్పండి. 2000 నాటి ఐటీ చట్టంలో 43వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడటం, డేటా తీసుకోవడం తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ‘నేను ఎథికల్ హ్యాకర్ని సార్’ అంటూ మిమ్మల్ని తీసి చూపిస్తే స్టేషన్‌లో చెల్లరు. లోపం కళ్లబడితే అక్కడే ఆగి, నిర్వాహకులకి రాయాలి. వాళ్లు పలకకపోతే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి రాయొచ్చు. 2004 నుంచి వాళ్ల పని అదే.

మీ పిల్లలు చేయగలిగినవి చాలా ఉన్నాయి, మీరొక్కరే అడ్డం. ఫీజు లేదు, బ్యానర్ లేదు, మీరూ లేరు, అందుకని వాటివైపు చూడరు. ఓవర్‌దివైర్ వాళ్ల ‘బ్యాండిట్’ ఉంది, మెట్టు మెట్టుగా లినక్స్ నేర్పే ఆన్‌లైన్ ఆట. పాత ల్యాప్‌టాప్ చాలు, కాలీ కూడా అక్కర్లేదు, దూరంలోని సర్వర్‌లోకి లాగినయ్యే ఎస్‌ఎస్‌హెచ్ విండోస్ టెర్మినల్‌లోనే ఉంటుంది. పోర్ట్ 2220 అని ఇవ్వాలి. ఇవ్వకపోతే మామూలు 22కి వెళ్లి తలుపు తెరుచుకోదు, చాలామంది అక్కడే వెనుదిరుగుతారు. మొదటి లాగిన్ పేరు, పాస్‌వర్డ్ రెండూ ‘బ్యాండిట్0’. లోపల ఒక ఫైల్లో తర్వాతి మెట్టు పాస్‌వర్డ్. రెండో మెట్టులో ఆ ఫైలు పేరు ఒట్టి అడ్డగీత. ఫైల్లో ఉన్నది చూపే ‘క్యాట్’ కమాండ్ పక్కన గీత పెడితే కర్సర్ మినుకుమినుకుమంటూ కూర్చుంటుంది, ఏమీ రాదు. గీత అంటే ‘కీబోర్డులో కొట్టేది చదువు’ అని ఆ కమాండ్‌కి అర్థం మరి. గీతకి ముందు చుక్క, స్లాష్ పెట్టి ‘ఈ ఫోల్డర్‌లో ఉన్న గీత’ అని చెబితేనే తెరుస్తుంది. ఒక్క గీతతో పావుగంట కుస్తీ పట్టినవాడు లినక్స్ ఎలా ఆలోచిస్తుందో మరిచిపోడు. మీ స్లయిడ్‌లు నూట నలభై తిరగేసినా ఈ ముక్క రాదు.

వెబ్ వైపు వెళ్లాలంటే పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితం. ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే ప్రతి ల్యాబ్‌కీ మనకంటూ ఒక ఉత్తుత్తి సైట్ లేపి ఇస్తుంది, దాన్ని ఎంత పగలగొట్టినా ఎవరూ ఏమీ అనరు. వాళ్ల వెబ్ పరీక్షల టూల్ బర్ప్ ఉచిత కమ్యూనిటీ ఎడిషన్‌లో, ఒకే రిక్వెస్టుని మార్చి మార్చి పంపే ఇంట్రూడర్‌ని కావాలనే నత్తనడకగా పెట్టారు, హ్యాంగయిందనుకుని సిస్టమ్ రీస్టార్ట్ చేయొద్దని చెప్పండి.

పోటీలంటే సీటీఎఫ్‌లు, లోపాలు వెతికి దాచిన ‘ఫ్లాగ్’ కోడ్‌ని పట్టుకునే ఆటలు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల పికోసీటీఎఫ్ 2013 నుంచీ నడుస్తోంది, పాత ప్రశ్నలు పికోజిమ్‌లో ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. న్యూయార్క్ యూనివర్సిటీ నడిపే ‘సీ-సా’ (సీఎస్‌ఏడబ్ల్యూ) పోటీకి మన దేశం తరఫున ఐఐటీ కాన్పూర్ ఆతిథ్యమిస్తూ వచ్చింది. అమృత విశ్వవిద్యాపీఠం బయోస్ టీమ్ పిల్లలే ఇన్‌సీటీఎఫ్ నడుపుతూ వచ్చారు, ప్రశ్నలు రాసిందీ విద్యార్థులే. ఇవి కాక సీటీఎఫ్‌టైమ్ సైట్ తెరిస్తే దాదాపు ప్రతి వారాంతం ఏదో ఒకటి ఉంటుంది, 24 గంటలో 48 గంటలో. వెబ్, క్రిప్టోగ్రఫీ, ఫోరెన్సిక్స్, రివర్సింగ్ తలా ఒకటి పంచుకుంటే నలుగురు చాలు. మన దగ్గర వాట్సాప్ గ్రూప్‌లో పన్నెండు మంది ఉంటారు, ఇద్దరు పనిచేస్తారు, మిగతావాళ్లు ‘ఎనీ అప్‌డేట్?’ అంటారు. ప్రశ్న సర్వర్ మీద ఆటోమేటిక్ స్కానర్లు వదలడం చాలా పోటీల్లో నిషేధం, టీమ్‌నే తీసేస్తారు. మొదటి పోటీలో రెండు ప్రశ్నలు తేలితే గొప్పే. అసలు చదువు పోటీ ముగిశాకే మొదలవుతుంది, గెలిచినవాళ్లు ఎలా చేశామో రాసిపెట్టిన రైటప్‌లు ముందేసుకుని, రాని ప్రశ్నని మళ్లీ మన చేత్తో చేయడం. ఆ ముక్క చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కకొస్తారు.

హైదరాబాద్‌లో ‘నల్’ అనే సెక్యూరిటీ కమ్యూనిటీ మీటింగులు ఉచితం. దాడి నేర్పే క్లాసుకి ‘హమ్లా’ అని, రక్షణ నేర్పేదానికి ‘బచావ్’ అని పేర్లు. అక్కడ దీపం వెలిగించరు. ఎవడో ఉద్యోగం నుంచి వచ్చి ఈ నెల ఏం పగలగొట్టాడో చెప్పి, టీ తాగి వెళ్లిపోతాడు. ఇంటర్న్‌షిప్ అడగదగ్గ మనుషులు ఆ టీ దగ్గరే దొరుకుతారు.

మీ చుట్టాల్లో ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల ఎన్‌పీటీఈఎల్ వాడు కాస్త నయం. పాఠాలు ఉచితం, పరీక్షకి మాత్రం ఫీజు. అసైన్‌మెంట్లకి 25 మార్కులు, సెంటర్‌కెళ్లి రాసే పరీక్షకి 75. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రాకపోతే మొండిచెయ్యే. ఫెయిలయ్యే అవకాశం ఉంది కాబట్టి పాసవ్వడానికి విలువుంది. మీ దగ్గర లేనిది ఆ ఒక్కటే.

ఇంటర్వ్యూ టేబుల్ మీద మీరు పన్నెండు మందీ వరసగా పడుకుంటే ఎదుటివాడు తిరగేసి పక్కన పెడతాడు. అదే ఒక్క రైటప్ ఉంటే ఆగుతాడు. ఏం చూశారు, మొదట ఏం అనుకుని తప్పులో కాలేశారు, ఏ కమాండ్ పనిచేసింది, ఆ లోపం ఎందుకొచ్చింది, ఎలా పూడ్చాలి, ఇదంతా రెండు పేజీలు. ‘ఇక్కడ ఈ కమాండ్ ఎందుకు వాడారు?’ అని ఆయన అడిగితే పిల్లాడు నోరు తెరవగలడు. మీ గురించి అడగడానికి భోజనంలో ఏం పెట్టారన్నది తప్ప ఇంకేమీ ఉండదు.

ఇట్లు,
మీ వెనకవైపు ఖాళీగా ఉండటం గమనించిన శ్రేయోభిలాషులు

తా.క. బ్యాండిట్‌లో మనం ఎంతదాకా వచ్చామో ఎక్కడా సేవ్ కాదు. ప్రతి మెట్టు పాస్‌వర్డూ మనమే దాచుకోవాలి, లేదంటే మళ్లీ మొదటికే. మెట్లు ముప్పైకి పైనే. మీ వెనకవైపు మంచి మందపాటి ఏ4, గీతలు కొట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది. ఒక్కో పాస్‌వర్డ్ 32 అక్షరాలు, చేత్తో రాసేటప్పుడు పెద్ద ‘ఓ’కీ సున్నాకీ, చిన్న ‘ఎల్’కీ ఒకటికీ తేడా తెలిసేలా రాసుకోమనండి.