కీలు ట్రాముది ఒకే మోత కాదు

పాత ట్రాముల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో, వాటిని ఎక్కితే చెవులకు చిల్లులు పడడమే మిగులుతుందని వ్యాసకర్త ఒక్క వాక్యంతో తేల్చేశారు. అది అన్యాయం. 1956లో జర్మనీలోని డ్యూవాగ్ సంస్థ తెచ్చిన జీటీ6 తరహా ట్రామునే తీసుకోండి. రెండు పెట్టెలు, మూడు బోగీలు. ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, పెట్టె కింద ఇరుసులు, చక్రాలు ఉండే చట్రం. మధ్య బోగీ సరిగ్గా పెట్టెలు కలిసే కీలు కిందే ఉంటుంది, దానికి మోటారు ఉండదు. అందుకే ముందు కూర్చున్నవారికి గేర్ల రొద, బయలుదేరేటప్పుడు కరెంటు అంచెలంచెలుగా అందుతున్న టక్కుటక్కులు బాగా వినిపిస్తాయి. కీలు దగ్గర నిలబడితే అవన్నీ వెనక్కి తగ్గి, పట్టాల అతుకుల మీద చక్రాల దెబ్బలు నేరుగా పాదాలకే తెలుస్తాయి.

అసలు సంగతంతా మలుపులో ఉంది. కీలు దగ్గరి గుండ్రటి నేలపలక మెల్లగా తిరుగుతుంది. రెండు పెట్టెలను కలిపే మడతల తెర ఒక పక్క ముడుచుకుని, మరో పక్క సాగుతూ పాత మంచంలా కిర్రుమంటుంది. ఆ వెంటనే చెవులు కోసే కీచు! చాలామంది దాన్ని బ్రేకు చప్పుడనుకుంటారు, కాదు. బోగీలో బిగిసి ఉన్న ఇరుసులు మలుపుకు తగ్గట్టు పూర్తిగా తిరగలేవు. చక్రాలు పట్టా మీద అడ్డంగా పట్టుకుంటూ, జారుతూ పోతాయి. ఆ అదురుకే చక్రమంతా మోగుతుంది. వాన పడితే చాలావరకు అణగిపోతుంది.

వియన్నాలో ఇదే వంశానికి చెందిన ఇ1 ట్రాములు 2022లో రోజువారీ సేవ నుంచి తప్పుకున్నాయి. కొత్త ట్రాముల్లో మోటార్లకు కరెంటును మార్చి అందించే ఇన్వర్టర్లు వేసే సన్నని ఈల నా చెవికి ఎక్కదు, అభిరుచి అనుకోండి. ఇంతకీ వ్యాసకర్త ఏ సీటులో కూర్చున్నారో చెప్పనే లేదు.