కొబ్బరికాయకు కేసు, కాన్వాయ్‌కు ఎస్కార్టు

2025 మార్చి చివర్లో అమెరికా యువకుడొకడు పడవ వేసుకుని, బయటివాళ్లు అడుగు పెట్టకూడని ఆదిమ తెగ ఉండే అండమాన్‌లోని నార్త్ సెంటినల్ దీవిలో దిగాడు. ఒడ్డున ఓ కూల్‌డ్రింక్ డబ్బా, ఓ కొబ్బరికాయ పెట్టి వచ్చాడు. అండమాన్ పోలీసులు వెంటనే పట్టుకుని కేసు పెట్టారు. మంచి పనే చేశారు. కానీ అదే అండమాన్‌లో, 1956 నాటి అదే ఆదిమ తెగల రక్షణ చట్టం కింద ఉన్న మరో ఆదిమ తెగ జారవాల అడవిలోంచి టూరిస్టు బండ్లు బారులు తీరి పోతుంటే, ఆ పోలీసులే కాపలా కాసి మరీ దాటిస్తున్నారు. ఒక్కడు వెళ్తే నేరం, వందల మంది టికెట్ కొనుక్కుని వెళ్తే టూరిజం!

సెలవులొస్తే చాలు, అండమాన్ ప్యాకేజీల్లో 'బారాటంగ్ ట్రిప్' తప్పనిసరి. ఇప్పుడు శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లారకముందే బయల్దేరి, జారవాల అడవి రోడ్డు మొదలయ్యే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర క్యూ కట్టాలి. బారాటంగ్ దీవిలో చూపించేది సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం అని రాస్తారు. మన బొర్రా గుహలకైనా ఇంత పొద్దున్నే లేచి వెళ్లనివాళ్లు బురద బుడగల కోసం నిద్ర మానుకుంటారా? తిరిగొచ్చాక బంధువులకు ముందు చెప్పేది గుహల సంగతి కాదు, 'దారిలో వాళ్లు కనిపించారు' అనే. ఫొటోలు తీయొద్దు, బండి ఆపొద్దు, తిండి ఇవ్వొద్దు అని బోర్డులు పెడతారు. అసలు వెళ్లొద్దు అని మాత్రం రాయరు.

ఈ రోడ్డును జారవాల రిజర్వు వెంబడి మూసేయాలని సుప్రీంకోర్టు చెప్పింది 2002లో. పదేళ్ల తర్వాత, తిండి ఆశ చూపి జారవా ఆడవాళ్లతో డాన్సు చేయించిన వీడియో ప్రపంచమంతా చూసి ఛీకొట్టింది. 2013 జనవరిలో కోర్టు టూరిస్టులను ఆపేసింది. మార్చికల్లా ఆ ఆంక్ష పోయింది. కాన్వాయ్ మళ్లీ కదిలింది.

ఉత్తరాన ఉన్న రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ జనానికి ఆ రోడ్డే ఆధారం, ఆస్పత్రికి వెళ్లాలన్నా అదే దిక్కు అంటారు. నిజమే. రోగిని తీసుకెళ్లే అంబులెన్సును ఎవరూ ఆపమనడం లేదు. దాని వెనకాల టూరిస్టు వ్యాను ఎందుకన్నదే ప్రశ్న. బారాటంగ్‌కు సముద్రం మీదుగా వెళ్లొచ్చు. అందరినీ ఆ దారిన పంపమంటే మాత్రం టైమ్, ఖర్చు గుర్తొస్తాయి.

2011 లెక్కల్లో జారవాలు 400 మంది కూడా లేరు. 1990ల చివర్లో వాళ్లు అడవి దాటి రావడం మొదలైంది, 1999లో తట్టు అంటుకుంది. బయటివాళ్ల జలుబు కూడా వాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. 1858లో బ్రిటిష్ వాళ్లు జైలు కాలనీ పెట్టేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీ తెగవాళ్లు ఇవాళ కొన్ని పదుల్లో మిగిలారు. వాళ్ల భాషల్లో ఒకటైన 'బో' మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010లో కన్నుమూసింది. ఆ భాష ఆమెతోనే పోయింది. ఇదంతా తెలిసీ బస్సులో కిటికీ సీటు కోసం కొట్టుకుంటున్నాం.

ఢిల్లీ మాట మరీ విచిత్రం. 2018 ఆగస్టులో టూరిజం పేరు చెప్పి 29 దీవులకు విదేశీయుల పర్మిట్ నిబంధన సడలించింది. ఆ జాబితాలో నార్త్ సెంటినల్ కూడా ఉంది! నవంబరులో ఓ మత ప్రచారకుడు అక్కడికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. 2021లో గ్రేట్ నికోబార్‌లో లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే గలాథియా తీరానికి అభయారణ్య హోదా తీసేసి పోర్టుకు దారి వేశారు. చట్టం పుస్తకంలో తెగలకు, తాబేళ్లకు రక్షణ. కాగితం మీద సంతకం మాత్రం ఎప్పుడూ వ్యాపారానికే. ఒంటరిగా వచ్చిన విదేశీయుడి మీద చూపే పౌరుషం ట్రావెల్ ఏజెంట్ల మీద ఎందుకు చూపరు?

యంత్రాంగం చేయాల్సింది ఒకే ఒక్క ఉత్తర్వు. జిర్కాటాంగ్ గేటు దగ్గర టూరిస్టు బండిని వెనక్కి తిప్పి పడవ ఎక్కించడం. ఇక మనవాళ్లకు ఒక మాట. మీ ఇంటి ముందు రోజూ బస్సు ఆపి, మీ పిల్లలకు బిస్కెట్ చూపించి, సెల్‌ఫోన్ ఎత్తితే ఊరుకుంటారా? అంతగా జంతువులను చూడాలనుంటే హైదరాబాద్‌లో జూ ఉంది, విశాఖలోనూ ఉంది. అక్కడికి వెళ్లండి.