నష్టానికీ ఒక మర్యాద ఉంది

గోదావరి డెల్టాలో డబ్బు పోగొట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అది పెద్దలు ఏర్పరచినది, తరతరాలుగా నిలిచి ఉన్నది. మొదటి దారి చెరువు. ఇదివరకు చేపలు, ఇప్పుడు రొయ్యలు. రెండోది సంక్రాంతి మూడు రోజుల కోడిపందెం. మూడోది ఇంట్లో పెళ్ళి. ఈ మూడింటిలో దేనిలో పోగొట్టుకున్నా మనిషికి పరువు తగ్గదు. పైగా నలుగురూ పరామర్శకు వస్తారు, కాఫీ తాగి, వాళ్ళు ఎంత పోగొట్టుకున్నారో చెప్పి వెళతారు. ఈ మూడు దారులూ కాదని సొంత దారిలో పోగొట్టుకుంటే మాత్రం లోకం ఊరుకోదు. భీమవరంలో ఉంటున్న మా వదినగారు ఇప్పుడు ఆ తప్పే చేస్తున్నారు. ఆవిడ చేత్తో గ్రీటింగ్ కార్డులు తయారు చేస్తారు.

అమ్మడానికి కాదు. మేనకోడలు పరీక్ష పాసైతే ఒకటి, పక్కింటి మాస్టారు రిటైరైతే ఒకటి, పాలు పోసే అతనికి మనవడు పుడితే ఒకటి. ఈ అలవాటు వెచ్చించే కాలానికీ డబ్బుకూ తగినదేనా అన్నది విచారించి చెప్పమని మా అన్నయ్య నన్ను కోరాడు. ఇది ఆ విచారణ నివేదిక.

ముందుగా ఫిర్యాదుదారు గురించి రెండు మాటలు. మా అన్నయ్యకు చెరువులున్నాయి. తెల్లమచ్చ తెగులు సోకి రొయ్యలు గట్టుకు కొట్టుకువచ్చిన రోజున అతను చేతులు కట్టుకుని నిలబడి, "వ్యవసాయమన్నాక ఇవన్నీ మామూలే" అన్నాడు. గుండె నిబ్బరమంటే అలా ఉండాలి. అదే మనిషి, కొరియరు పొట్లంలో నూట ఎనభై రూపాయల కాగితం పంచ్ కనబడేసరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని, "దీనివల్ల ప్రయోజనం ఏమిటి?" అని అడిగాడు. లక్షలు పోతే వేదాంతం, వందలు పోతే ఆడిట్.

పుంజు విషయంలోనూ ఇంతే. బాదంపప్పు, ఖీమా పెట్టి ఏడాది పొడుగునా మేపుతారు. డేగా, కాకా, నెమలా అని ఈకల రంగు చూస్తారు. ఏ పూట ఏ రంగుకు జయమో కుక్కుట శాస్త్రం తిరగేస్తారు. తీరా కత్తి కట్టి బరిలో దింపాక పందెం తేలడానికి పట్టేది కొద్ది నిమిషాలు. జంతు హింస నివారణ చట్టం 1960 నుంచీ ఇది కూడదనే చెబుతోంది. అయినా భోగి నాడు బరి దగ్గరికి వెళ్ళి, "ఏమండీ, ఈ పుంజు మీద గంటకు ఎంత గిట్టుబాటు?" అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఉంటే అతనికి నా నమస్కారం, అతని కుటుంబానికి నా సానుభూతి.

కాబట్టి వదినగారి మీద మోపవలసిన అసలు అభియోగం మొదటే రాసి పెడుతున్నాను: ఆవిడ మరీ తక్కువ పోగొట్టుకుంటున్నారు. ఊళ్ళో చెప్పుకోవడానికి కూడా చాలనంత తక్కువ.

ఇక సామాను ఖర్చు. జిరాక్సు తీసే కాగితం డెబ్బై, డెబ్బై అయిదు జీఎస్ఎం ఉంటుంది. కార్డు నిలబడాలంటే రెండు వందల యాభై దాకా కావాలి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ఈ ఒక్క విషయం అన్నయ్యకు చెప్పగానే ఎక్కింది. రొయ్యల కౌంటు లాంటిదే, కాకపోతే తిరగేసి. కిలోకు ముప్పై తూగితే పెద్ద రొయ్య, వంద తూగితే చిన్నది; కాగితానికి అంకె పెరిగేకొద్దీ మందం. అట్టను మడిచే ముందు స్టీలు స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక గీత నొక్కాలి. అదీ కాగితపు నార ఏ దిక్కున ఉందో చూసుకుని, ఆ దిక్కునే. నారకు అడ్డంగా మడిస్తే మడత మీద రంగు చిట్లి లోపలి తెలుపు బయటపడుతుంది. ఇంత శాస్త్రం ఉన్న పనికి కుక్కుట శాస్త్రానికి ఉన్న గౌరవంలో పదో వంతు కూడా లేదు.

అయితే న్యాయం న్యాయమే. వదినగారి వైపు కూడా తప్పులున్నాయి. రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డునే కాగితం మిల్లు ఉండగా ఆవిడ కాగితం ఎక్కడినుంచో కొరియరులో రావాలి. వచ్చినదాంట్లో సగం కత్తెర ముఖం చూడదు. గులాబీ రంగు మీద బంగారు చుక్కలున్న కాగితం ఒకటి ఉంది. "దానికి తగిన సందర్భం ఇంకా రాలేదండి" అంటారు. ఈలోగా ఇంట్లో రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం అయిపోయాయి. కార్డులు చేయడం ఒక సరదా, కార్డుల సామాను కొనడం ఇంకో సరదా అని, రెండోదానికి మొదటిదానితో పని లేదని నా పరిశీలనలో తేలింది. ఆకారాలు కత్తిరించే యంత్రం కూడా కొన్నారు. యంత్రంతో అయిపోతుందని అన్నయ్య అనుకున్నాడు, పాపం. అచ్చులు విడిగా కొనాలి. సీతాకోకచిలుకకు ఒకటి, ఆకుకు ఒకటి, అదే ఆకు కాస్త వంగి ఉంటే దానికి ఇంకొకటి.

మా ప్రాంతంలో చేత్తో చేసిన పల్చటి వస్తువుకు విలువ లేదని మాత్రం ఎవరూ అనకూడదు. ఆత్రేయపురంలో బియ్యపు పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క లాగు లాగి పూతరేకు తీస్తారు. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అందులో నెయ్యి, బెల్లం వేస్తారు. వదినగారి కార్డుల్లో లోపం ఎక్కడుందో విజ్ఞులకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి ఆవిడ కనిపెట్టిన ఉపాయం ఒకటి ఉంది, దాన్ని చెప్పకపోతే నివేదిక ఏకపక్షమవుతుంది. మా వైపు శుభలేఖ ఇప్పుడు లేఖలా ఉండటం మానేసింది. పెట్టె తెరిస్తే లోపల ఇంకో పెట్టె, అందులో జీడిపప్పు, పైన మెరిసే వినాయకుడు. నాలుగు మూలలా పసుపు అద్ది, ఇంటి పెద్ద స్వయంగా కారు వేసుకుని ఊరూరా తిరిగి ఇవ్వాలి. చేతికివ్వకపోతే "మనిషి వచ్చి పిలవలేదు" అన్న మాట ఇరవై ఏళ్ళయినా మాసిపోదు. పెళ్ళయిన మర్నాటికి ఆ పెట్టెతో ఎవరికీ పని లేదు. కానీ వినాయకుడున్నాడు కాబట్టి చెత్తలో వేయడానికి చేయి రాదు. అలా ప్రతి ఇంట్లో బీరువా మీద ఒక గుట్ట తయారవుతుంది. వదినగారు బంధువుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఆ గుట్టలు అడిగి తెచ్చుకుంటారు. వినాయకులందరినీ చుట్టూ జాగ్రత్తగా కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో భద్రపరుస్తారు. మిగిలిన మందపాటి అట్ట, జరీ అంచులు కార్డుల్లోకి వెళతాయి. ఆ పెళ్ళిళ్ళలో ఒకటి రెండు ఇప్పటికే కోర్టు దాకా వెళ్ళాయి. అట్ట మాత్రం గట్టిది.

అన్నయ్య పట్టుదలంతా కాలం మీద. నేను స్వయంగా కూర్చుని చూశాను. క్విల్లింగ్ అని ఒక పని ఉంది. మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న కాగితపు పట్టీ కొసను, మొనలో చీలిక ఉన్న సూదికి తగిలించి బిగుతుగా చుట్టాలి. సూది తీసేసి వేళ్ళ మధ్య కాస్త వదిలితే చుట్ట తనంతట తాను విచ్చుకుంటుంది. చాలనిపించిన చోట ఆపి, కొసకు అగ్గిపుల్లతో జిగురు అద్ది అంటించి, ఒక పక్కన గోటితో నొక్కితే అది పూరేకు. అలాంటివి అయిదో ఆరో కలిస్తే ఒక పువ్వు. జిగురు చుక్క ఎక్కువైతే ఆరాక మెరుస్తూ మచ్చ మిగులుతుంది. ఈ పని సాగినంతసేపూ ఫ్యాను ఆపాలి, లేకపోతే రేకులు మంచం కిందికి పోతాయి. మే నెలలో, భీమవరంలో, ఫ్యాను ఆపి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి ఈ గడ్డకు నీటి కరువు తీరిందంటారు. కాలువల్లో పారగా మిగిలిన నీళ్ళు మా ఇళ్ళలో గాలిలో ఉంటాయి. జిగురు ఆరదు, ఆరేలోపు అట్ట వంకర తిరుగుతుంది. దాని మీద బరువుకు నిఘంటువు పెడతారు. ఆ ఇంట్లో నిఘంటువు వాడకం అదొక్కటే.

ఒక కార్డుకు ఒక పూట పట్టిందని అన్నయ్య రాసుకున్నాడు. పూటకు వరినాట్ల కూలి ఎంతో అంత వేసి, సామాను కలిపాడు. బజారులో అరవై రూపాయలకు దొరికే కార్డుకు ఇంట్లో అయిదారు రెట్లు పడుతోందని తేల్చాడు. లెక్కలో తప్పు లేదు. నాకు అనుమానం వచ్చింది పక్క పేజీలో. అదే వదినగారు పొద్దున్న ఇడ్లీల దగ్గర, మధ్యాహ్నం పులుసు దగ్గర, చెరువు మీది పనివాళ్ళకు క్యారియర్లు సర్దే దగ్గర గడిపిన గంటలకు ఆ పుస్తకంలో ఖరీదు వేయలేదు. గడి ఖాళీ. కత్తెర పట్టుకోగానే కూలి రేటు మొదలవుతోంది. వంటింట్లో ఉచితంగా ఉన్న గంట, గుమ్మం దాటి భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి అంత ప్రియమైపోవడం ఎలా జరుగుతుందో అర్థశాస్త్రం చదివినవాళ్ళు చెప్పాలి. అన్నయ్యను అడిగితే "అది వేరు, ఇది వేరు" అన్నాడు. శాస్త్రం అక్కడితో ఆగింది.

చరిత్ర కూడా వదినగారికి అనుకూలంగా లేదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి క్రిస్మస్‌కు అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేకపోయింది. జాన్ హోర్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి, అచ్చు కొట్టించాడు. ఒక్కోటి షిల్లింగుకు అమ్మకానికీ పెట్టారు. క్రిస్మస్ కార్డుల వ్యాపారానికి అదే మొదలని చెబుతారు. అంటే ఈ వస్తువు పుట్టిందే చేతి శ్రమ తప్పించడానికి. దాని మీద ఒక పూట చెమటోడ్చడం కనిపెట్టినవాడికి అవమానం కాదా? మన దేశంలోకి పోస్టుకార్డు 1879లో వచ్చింది. అప్పట్లో పావు అణాతో క్షేమసమాచారాలు కన్యాకుమారి దాకా పోయేవి. ఇప్పుడు అదీ దండగే. తెల్లవారగానే ఫోనులో ఉదయించే సూర్యుడు, మంచు పడిన గులాబీ, కింద శుభోదయం. పంపినవాడు చూడడు, అందుకున్నవాడు చూడడు, ఖర్చు సున్నా. ఇంతకంటే పొదుపైన ఆప్యాయత మానవజాతి ఇంకా కనిపెట్టలేదు.

"ఇంత బాగా చేస్తున్నారు, అమ్మకూడదా అండీ?" అని అడగనివాళ్ళు ఆ వీధిలో లేరు. ఇది మెచ్చుకోలు కింద చెలామణీ అవుతోంది. ఈ సలహా ఇచ్చేవాళ్ళు సుమారు ముప్పై కిలోమీటర్లు వెళ్ళి నర్సాపురం చూసి రావాలి. అక్కడ క్రోషే సూదితో లేసు అల్లడం పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. ఏజెంటు దారం తెచ్చి ఇస్తాడు, అల్లిక ముక్కకు ఇంత అని కడతాడు, సరుకు సముద్రాలు దాటి పరాయి దేశాల భోజనాల బల్లల మీద పరుచుకుంటుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వచ్చి, ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి, 1982లో ఒక పుస్తకం వేసింది. ప్రపంచ బజారుకు సరుకు అందిస్తున్నవాళ్ళను అందరూ ఉత్త గృహిణులంటున్నారు, వాళ్ళు చేసేదాన్ని తీరికవేళ కాలక్షేపమంటున్నారు, కూలి కూడా కాలక్షేపానికి ఇచ్చినట్టే ఇస్తున్నారు అని దాని సారాంశం. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. నర్సాపురంలో పనిని కాలక్షేపమన్నారు. భీమవరంలో కాలక్షేపాన్ని పనిగా మార్చుకోమంటున్నారు. రెండు ఊళ్ళలోనూ కూలి నిర్ణయించే బాధ్యత మాత్రం వేరేవాళ్ళు తీసుకుంటున్నారు.

అందుకున్నవాళ్ళ కష్టాలు కూడా విచారణకు వచ్చాయి. కొన్న కార్డును నెల తిరిగేసరికి పాత పేపర్లలో కలిపేయవచ్చు. వదినగారి కార్డును కలపలేరు. అందులో ఒక మనిషి ఫ్యాను ఆపుకుని కూర్చున్న పూట ఉంది. దాన్ని అద్దాల బీరువాలో పెట్టాలి, ఆవిడ వచ్చినప్పుడు ముందుకు జరపాలి, తిరిగి ఏదో ఒకటి చేసి ఇవ్వాలి. పాలు పోసే అతను ఆ కార్డు పుచ్చుకున్న తర్వాత పాలలో నీళ్ళు తగ్గించాడని వదినగారి వాదన. అన్నయ్య లాక్టోమీటరు తెప్పించాలంటున్నాడు.

నివేదిక ఇంతవరకు వచ్చాక కేసు అడ్డం తిరిగింది. అన్నయ్యకు పిల్లలు, అంటే రొయ్యపిల్లలు, సరఫరా చేసే హేచరీ ఆసామి కూతురి పెళ్ళి కుదిరింది. ఆయన లేనిది లేని మనిషి. వెండి ఇచ్చినా, పట్టు పెట్టినా పదిమందిలో కలిసిపోతుంది. "కొన్నదేదైనా ఎవరైనా ఇస్తారు, చేత్తో చేసినదైతే ఆయనకు గుర్తుండిపోతుంది. మంచిగా పెద్ద కార్డు ఒకటి చేసిపెట్టు" అన్నాడు అన్నయ్య, నా ఎదురుగానే.

వదినగారు చేయి తుడుచుకుని వచ్చి ఆ లెక్కల పుస్తకం తీశారు. నాట్ల కూలి రేటు చొప్పున మూడు పూటలు, సామాను విడిగా, మే నెల కాబట్టి ఫ్యాను ఆపినందుకు పూటకు కొంత అదనం అని రాసి చూపించారు.

"ఇంట్లో మనిషికి బిల్లేమిటి?" అన్నాడు అన్నయ్య.

"రేటు మీరు కట్టినదేనండి. సగం అడ్వాన్సు ఇస్తే కత్తెర తీస్తాను. హేచరీవాళ్ళు కూడా అంతే కదా."