హోల్టర్ యంత్రంగారికి ఒక రోగి విన్నపం

మహారాజశ్రీ హోల్టర్ యంత్రంగారి దివ్యసముఖమునకు,

గుండె కొట్టుకునే తీరును ఆగకుండా గీతలుగా రాసుకునే తమరిని గుంటూరులో ఒక పగలూ ఒక రాత్రీ ఒంటికి కట్టుకుని మోసిన రోగి నమస్కరించి వ్రాయునది. సోమవారం ఉదయం పదకొండింటికి వేంచేసిన తమరు మంగళవారం అదే వేళకు దిగి వెళ్లారు. తమరు వెళ్లిన ఆ మధ్యాహ్నమే 1:20కి, బస్టాండులో తెనాలి బస్సు కోసం నేను నిలబడి ఉండగా, తమరు పట్టుకోవలసిన దొంగ వచ్చాడు.

ఎలా వచ్చాడో తమరు చూడలేదు కనుక చెబుతున్నాను. ముందు ఒక దెబ్బ తప్పింది, ఆ వెంటనే బుట్టలో పడ్డ చేపలా గుండె ఎగిరెగిరి కొట్టుకుంది. మణికట్టు పట్టుకుని చూస్తే రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా, ఒకటి ఆలస్యంగా, మరి మూడు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి తప్ప ఏ తాళానికీ అందడం లేదు. ఆటోలో ఆసుపత్రికి వచ్చిపడితే నా టోకెను 41, ఈసీజీ తీసే అమ్మాయేమో భోజనానికి వెళ్లింది. చివరకు 3:05కి నన్ను బల్ల మీద పడుకోబెట్టి మీట నొక్కే సరికి, అప్పటిదాకా చిందులు తొక్కిన గుండె పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా అణిగిపోయింది. "నార్మల్‌గానే ఉందమ్మా" అన్నారు.

తమరి నివేదిక కూడా అదే మాట చెప్పింది. లక్షకు పైగా స్పందనలు లెక్కపెట్టి, అన్నీ సక్రమమేనని సంతకం లేని సాక్ష్యం ఇచ్చారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు, తమరు ఆ మాత్రం కూడా మొరగలేదు.

డాక్టరుగారి అనుమానం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మీద. గుండెలోని పై గదులు, అంటే కర్ణికలు, ముడుచుకోవడం మాని నిమిషానికి 350కి మించి వణుకుతాయనీ, ఆ వణుకులో ఎడమ కర్ణికకు అంటుకుని ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకడుతుందనీ, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమనీ ఓపికగా బొమ్మ వేసి చెప్పారు. రక్తం గడ్డకట్టకుండా మందు ఉంది కానీ, దానితో రక్తస్రావం భయం కూడా ఉంది కనుక అనుమానం మీద రాయలేమన్నారు. కాగితం మీద కనీసం 30 సెకన్ల గీత కావాలట. తమరు నా దగ్గర ఉన్నది 86,400 సెకన్లు. అందులో 30 అడిగాను.

ఆ 30 సెకన్ల కోసం నేనేమి చేశానో తమరికి తెలియనిది కాదు. వేసవిలో స్నానం మానేశాను. చెమటకు ఊడివస్తున్న అతుకుల మీద ప్లాస్టరు వేసుకున్నాను. తీగల్లో మంగళసూత్రం చిక్కుకుంటుంటే తీసి పసుపుతాడు కట్టుకున్నాను. తమరితోపాటు ఇచ్చిన పుస్తకంలో "2:10, గిన్నెలు తోమాను; 4:30, పక్కింటావిడ వచ్చి తీగలేమిటని అడిగింది" అని నిజాయితీగా రాశాను. ఆవిడ గ్యాస్ అని తేల్చి జీలకర్ర నీళ్లు తాగమంది. నా పెద్దాడపడుచు ఫోనులోనే టెన్షన్ అని తీర్పు చెప్పింది.

సాక్ష్యం దొరికితే మాత్రం సుఖమా అంటే, అదీ కాదు. వరుసలో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు కవాటం జబ్బు కూడా ఉండటంతో రక్తం గడ్డకట్టనివ్వని మందుల్లో కొత్తవి పనికిరావని పాతదైన వార్ఫరిన్ ఇచ్చారు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ అనే లెక్క 2కీ 3కీ మధ్య ఉండాలంటే ఆకుకూరలు మానక్కరలేదు, ప్రతివారం ఒకే పాళ్లలో తినాలట. గోంగూర పచ్చడి పాళ్లు చూసుకుని తినే మనిషి గుంటూరు జిల్లాలో ఇంకా పుట్టలేదు. అమియోడరాన్ అనే మందు గుండె లయను దారికి తెస్తుంది కానీ థైరాయిడ్ జోలికి వెళుతుంది. తొడ దగ్గరి సిర గుండా గొట్టం పంపి, ఊపిరితిత్తుల సిరలు గుండెలో కలిసే చోట మచ్చలు పెట్టి దడ పుట్టించే సంకేతాల దారిని తెంపే అబ్లేషన్ అనే చికిత్స ఉంది. అయినా కొందరికి దడ తిరిగి వస్తుందని ముందే చెబుతారు. ఇవన్నీ నాకు తరువాతి సంగతులు, ఎందుకంటే ఇప్పటివరకు నేను రోగినని నిరూపణ కాలేదు.

అసలు నువ్వు ఉన్నది ఎందుకు? నా గుండె బాగున్నప్పుడు బాగుందని రాయడానికి అంత ఫీజు ఎందుకు? బస్టాండులో కాళ్లు వణుకుతూ ఇనుప కడ్డీ పట్టుకున్నది నేను, అబద్ధాలకోరులా రిపోర్టు పట్టుకుని తలవంచుకుని బయటికి వచ్చిందీ నేనే! మా అమ్మకు నోరు పడిపోయిన రోజు నేను చూశాను. ఆ భయం నీ గీతల్లో ఏ సెకనులో ఉందో చూపించు.

మన్నించాలి, మాట జారింది. తమరి వంశం మీద నాకు గౌరవం లేకపోలేదు. నార్మన్ హోల్టర్ అనే అమెరికావాడు మొదట చేసిన యంత్రం సుమారు 38 కిలోలు ఉండేదట, దాన్ని మనిషి వీపున మోయాలి. ఇప్పుడు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉన్న తమరిని నేను ఇంత తిట్టడం భావ్యం కాదేమో.

శుక్రవారం ఉదయం పదింటికి మళ్లీ కలుసుకుంటున్నాం. ఈసారి ఏడు రోజులకు రాశారు. నడుముకు బరువుగా వేలాడకుండా, పాత వెంకటగిరి చీర అంచుతో తమరికి ఒక సంచి కుట్టాను. పక్కన చిన్న జేబు కూడా పెట్టాను, పుస్తకం, పెన్సిలు పట్టేటట్టు.

ఇట్లు,
టోకెను నంబరు 41