ఆ తొమ్మిది మీటర్లు ఎవరు మింగేశారు?

అమెరికా ట్రాకుల మీద ఏళ్లుగా సాగుతున్న ఒక భూకబ్జాపై తక్షణం విచారణ జరిపించాలి. మైలంటే 1609.34 మీటర్లు. అక్కడ ఎక్కువ రాష్ట్రాల్లో హైస్కూల్ పిల్లల చేత పరిగెత్తించేది 1600. మరి ఆ 9.34 మీటర్లు ఏమైనట్టు?

ఒకప్పుడు ఈ పేచీ లేదు. ట్రాకు 440 గజాలుండేది, నాలుగు చుట్లు తిరిగితే నికరంగా మైలు. తర్వాత ప్రపంచంతో పాటు 400 మీటర్లకు దిగారు. పోనీ అందరిలా 1500 పెట్టుకున్నారా అంటే, మూడు ముప్పావు చుట్లు ఎవరు లెక్కపెడతారనుకున్నారో ఏమో, నాలుగు చుట్లే ఉంచి మైలులో తరుగు తీసేశారు.

తరుగు చిన్నదేం కాదు. 1600ను 3:59లో ముగించిన కుర్రాడు ఊరంతా స్వీట్లు పంచొచ్చు గానీ, 1954లో 3:59.4కి మైలు పరిగెత్తి, నాలుగు నిమిషాల లోపు మైలు ముగించిన మొదటి మనిషైన బానిస్టర్ సరసన మాత్రం కూర్చోలేడు. అదే వేగంతో ఆ మిగతా ముక్క కూడా పరిగెత్తితే మరో 1.4 సెకన్లు పడుతుంది. నాలుగు నిమిషాలు దాటిపోయినట్టే!

కాలేజీకి వెళ్తే టెన్షన్ ఇంకా ఎక్కువ. అక్కడి కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ శాస్త్రం ప్రకారం మార్చిలో కప్పు కింద మైలు, జూన్‌లో ఆరుబయట 1500. ఆ ఇండోర్ పోటీల్లోనే నలుగురూ తలో దూరం పరిగెత్తే డిస్టెన్స్ మెడ్లే రిలేలో చివరి అథ్లెట్‌కి మళ్లీ 1600. మెట్రిక్ కోసం 1975లో చట్టం చేసి, బోర్డు కూడా వేసి, 1982లో ఆ బోర్డునే ఎత్తేసిన దేశం మరి. మనం మరీ నవ్వకూడదు లెండి, మన ఎత్తు అడుగుల్లో, ప్లాటు గజాల్లో.

మీటరు భక్తులూ మురిసిపోనక్కర్లేదు. 110 మీటర్ల హర్డిల్స్‌లో హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 9.14 మీటర్లు. అంత వంకర అంకె ఎవరికి తట్టింది? ఎవరికీ తట్టలేదు, అవి పది గజాలు. పురుషుల షాట్‌పుట్ గుండు 7.26 కిలోలు, అంటే 16 పౌండ్లు. అటు గజానికీ సొంత బతుకు లేదు, 1959 నుంచి దాని నిర్వచనమే 0.9144 మీటర్లు. పైకి తగువు, లోపల వియ్యం!

కాబట్టి నా సిఫార్సు ఒక్కటే. 1600 పరిగెత్తి ‘మైలు కొట్టాం’ అని చెప్పుకుంటున్న వారందరినీ వెనక్కి పిలిపించి, బాకీ ఉన్న 9.34 మీటర్లు పరిగెత్తించాలి. పొట్ట పెరిగిందంటే ఒప్పుకోకూడదు. రికార్డులున్నవాళ్లు ముందు వరసలో నిలబడాలి.