చందా కవరులో ఎర్రలు

నాకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా గాలం. మా ఊరి పక్కనే కొమ్మమూరు కాలువ. బెండు బుడుంగున మునిగిందంటే కరెంటు బిల్లు కూడా గుర్తుండదు.

చిక్కల్లా ఆదివారంతోనే. విశ్రాంతి దినాన్ని పరిశుద్ధంగా ఆచరించమని బైబిల్లో అన్నారు కదా, గాలమేసి కూర్చోవడం కన్నా విశ్రాంతి ఇంకేముందని నా వాదన. ఏసు ప్రభువు శిష్యుడు పేతురు చేపలు పట్టలేదా? "ఆయన వల వదిలేసి ప్రభువు వెంట పోయాడు. మీరు ప్రభువును వదిలేసి గాలం వెంట పోతున్నారు" అంటుంది మా ఆవిడ.

నా దగ్గరా వాక్యం ఉంది. మత్తయి 17వ అధ్యాయం. గుడి పన్ను కట్టడానికి పేతురును గాలమేయమన్నది సాక్షాత్తూ ప్రభువే. మొదట పడిన చేప నోట్లో షెకెలు, అంటే వెండి నాణెం! సువార్తల్లో వల కాకుండా గాలం కనిపించేది ఆ ఒక్కచోటే. నాకోసమే రాయించినట్టుంటుంది.

మొన్న ఆదివారం చీకటితోనే బయల్దేరా. ఎర్రలు వేసుకోడానికి ఏదీ దొరక్క, సొరుగులోంచి చర్చిలో నెలనెలా వేసే చందా కవరు, పోయిన నెలది, తీశా. అది ఖాళీగా ఎందుకుందంటే... ఆ డబ్బుతో గాలానికి కొత్త తంగూసు కొన్నాను లెండి. నాలుగు ఎర్రలు, కాస్త మట్టి వేసి మడిచి జేబులో పెట్టా.

గుడిలో కొట్టిన మొదటి గంట వినపడలేదు. రెండో గంటకు బెండు మునిగింది! పేతురుకు ఒక పొద్దున 153 పడ్డాయి, నాకు మూడు మట్టగిడసలు. ఇంటికి పరిగెత్తి, అదే చొక్కాతో గుడికెళ్లా. గుమ్మంలో మా ఆవిడ ఈ నెల కవరు జేబులో కుక్కింది.

కానుకల పాట మొదలైంది. భక్తిగా కళ్లు మూసుకుని, సంచిలో కవరు వేశా. కూర్చుని జేబు తడుముకుంటే రెండు వందల నోటు కరకరలాడింది.

అప్పటికే సంచులు బల్ల మీదికి చేరాయి. అయ్యగారు వాటిపై చేతులు చాపి, "ప్రభువా, వీటిని ముప్పదంతలు, అరువదంతలు, నూరంతలుగా వృద్ధి చేయుము" అని ప్రార్థించారు. గుడంతా ఆమేన్ అంది. నాకు మాత్రం నోరు పెగల్లేదు.

లెక్క గదిలోంచి ట్రెజరర్ గారి కేక గంట కన్నా గట్టిగా వినపడింది. కవరు మీద నా పేరు, సభ్యత్వం నంబరు, అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. నా రాతే.

అయ్యగారు పిలిపించి, కవరును దూరంగా పట్టుకుని, "చేప నోట్లో కానుక దొరికిందని చదివాను గానీ బాబూ, కానుకలో చేప మేత దొరకడం ఇదే చూడ్డం. చేపలేవీ మరి?" అన్నారు. సాయంత్రం మూడు మట్టగిడసలూ పులుసై వాళ్లింటికెళ్లాయి.

తర్వాతి ఆదివారం రెండు నెలల చందా కలిపి వేశా. ట్రెజరర్ గారు సంచి ముందుకు కదపలేదు. నా కవరు బయటికి తీసి, చెవి దగ్గర పెట్టుకుని, వేలితో ఒకసారి నొక్కి చూసి అన్నారు:

"పర్లేదు, కదలట్లేదు."